రాజ్యాంగ సవరణకు రాష్ట్రాల ఆమోదం ఎప్పుడు తప్పనిసరి?

అన్ని సవరణలకూ అక్కర్లేదు. 368వ అధికరణం కింద బిల్లు ఉభయ సభల్లోనూ విడివిడిగా నెగ్గాలి. మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులకు తగ్గకుండా మద్దతు రావాలి. సభలు విభేదిస్తే సంయుక్త సమావేశం ఉండదు, బిల్లు వీగిపోయినట్టే.

రాష్ట్రపతి ఎన్నిక, హైకోర్టులు, కేంద్ర, రాష్ట్ర అధికారాల జాబితాల వంటివాటిని మార్చాలంటే మాత్రం, రాష్ట్రపతి సంతకానికి ముందే కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు ఆమోదించాలి. ఈ మెట్టు దాటేస్తే ఏమవుతుందో 97వ సవరణ చూపింది. అది సహకార సంఘాలపై రాజ్యాంగంలో ఒక కొత్త భాగం చేర్చింది. ఆ సంఘాలు రాష్ట్ర జాబితాలోవి, అయినా రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదు. 2021లో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని, బహుళ రాష్ట్ర సంఘాల వరకు మినహాయించి, కొట్టేసింది.

చాలామంది పొరబడేది ఇక్కడే: తెలంగాణ ఏర్పాటుకు ఇదేమీ అవసరం పడలేదు. 3వ అధికరణం కింద సాధారణ మెజారిటీ చాలు. 4వ అధికరణం అలాంటి చట్టాన్ని 368 కింద సవరణగా లెక్కించదు.