క్లినిక్‌లో కూర్చోబోతున్న మేనకోడలికి

చిరంజీవి హారికకు,

అత్త ఆశీస్సులు. నిన్ను లీగల్ సర్వీసెస్ ప్యానెల్లోకి తీసుకున్నారని, వచ్చే నెల నుంచి ఉచిత న్యాయ సలహా క్లినిక్‌లో కూర్చోమన్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడు మాట్లాడుతున్నంతసేపూ పక్కనుంచి "ఏ పుస్తకాలు తీసుకెళ్లాలో అడుగు నాన్నా" అని నువ్వు గొణుగుతుంటే నాకు వినపడుతూనే ఉంది. పుస్తకాలకేం, నాలుగు బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం ఒక్కటే ఉండే పుస్తకాలు) సంచిలో వేసుకో, చాలు. వాటికంటే ముందు ఒక క్యాలెండరు కావాలి. ఈ ఏడాదిదీ, కిందటి ఏడాదిదీ కూడా.

ఎందుకో చెబుతాను. జడ్జిగారి ముందు వాదించడం వేరు, బల్లకి అవతల కూర్చున్న మనిషికి జవాబు చెప్పడం వేరు. "మేడమ్, నాకు హక్కు ఉందా లేదా?" అని సూటిగా అడుగుతారు. ఉంది అనడం చాలా తేలిక. కానీ ఆ హక్కుని ఏ ఆఫీసులో, ఏ కాగితం చూపించి, ఏ తారీఖులోపు అడగాలో చెప్పకపోతే మనం చెప్పినదానికీ, కోర్టు బయట టీకొట్టు దగ్గర ఎవరో చెప్పినదానికీ తేడా ఏముంది? అందుకని ఎవరు ఏది అడిగినా నీ నోటి వెంట ముందు రావాల్సినవి రెండే: "ఎప్పుడు జరిగింది?", "కాగితం ఉందా?"

నోటు బాకీ సంగతే తీసుకో. మన వైపు క్లినిక్‌కి వచ్చేవాళ్లలో సగం మంది దీనికోసమే వస్తారనుకో. రైతు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీస్తాడు, అందులోంచి నాలుగు మడతల ప్రోనోటు తీస్తాడు. మడతల దగ్గర చిరిగి ఉంటుంది. రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉందా లేదా అని అందరూ ముందువైపే చూస్తారు. నువ్వు నోటు తిప్పి వెనక చూడు. అడగ్గానే ఇవ్వాల్సిన నోటు మీద దావా వెయ్యడానికి గడువు, రాసిన తేదీ నుంచి మూడేళ్లు. అది దాటితే కాలదోషం పట్టినట్టే. కానీ ఆ మూడేళ్లు నిండకముందే బాకీదారు కొంత సొమ్ము కట్టి, కట్టినట్టు నోటు వెనక తన చేత్తో రాసో, సంతకం పెట్టో ఉంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. వెయ్యి రూపాయలు ముట్టినట్టు ఉన్న ఒక్క లైనే లక్షల బాకీని బతికిస్తుంది. అదే లైను అప్పిచ్చినాయన తనంతట తాను రాసుకుని, అవతలివాడి సంతకం లేకపోతే దానికి విలువ లేదు. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన మొహం చూడకు, నోటు చూసే చెప్పు. గడువు ఇంకో నాలుగు రోజులే ఉందనుకో, "ఆలోచించుకుని రండి" అనకు. ఆ రోజే దావా కాగితాల పని మొదలుపెట్టించు.

చెక్కు బౌన్సయితే లెక్క ఇంకా బిగుతు. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు నుంచి తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందిన దగ్గర్నుంచి అవతలివాళ్లకి 15 రోజుల టైము. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత ఒక నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఫిర్యాదు కాస్త ఆలస్యమైతే సరైన కారణం చూపించి క్షమించమని కోర్టుని అడగొచ్చు. నోటీసు గడువు దాటితే అలాంటి వెసులుబాటు లేదు. అయినా వెంటనే పెదవి విరిచెయ్యకు. చెక్కు మీది తేదీకి మూడు నెలలు నిండలేదేమో చూడు. నిండకపోతే మళ్లీ బ్యాంకులో వేయించు, మళ్లీ తిరిగొస్తే మళ్లీ నోటీసు. 2012లో సుప్రీంకోర్టు ఇది కుదురుతుందని తేల్చింది. "బావగారే కదా, పండగ వెళ్లాక అడుగుదాంలే" అని మొహమాటానికి పోయి గడువు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

క్రిమినల్ కేసుల్లోనూ తేదీయే ముందు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కదా. జనం ఇంకా "ఫోర్ ట్వంటీ కేసు", "ఫోర్ నైంటీ ఎయిట్ ఏ" అని పాత సెక్షన్ల నంబర్లే అంటారు, అననీ. నువ్వు దిద్దడం మొదలుపెడితే చెప్పేది సగంలో ఆపేస్తారు. సంఘటన ఆ తేదీకి ముందు జరిగిందా, తర్వాతా అన్నది నీ కాగితం మీద రాసుకో. ముందు జరిగిన నేరానికి పాత ఐపీసీయే.

పోలీసుల గురించి అడిగేవాళ్లు టెన్షన్‌తో వస్తారు కాబట్టి వాళ్లకి చిన్న చిన్న మాటల్లో చెప్పు. "స్టేషన్‌కి రమ్మంటున్నారు, వెళ్లాలా?" అంటే, ఫోన్లో పిలిచారా, నోటీసు ఇచ్చారా అని అడుగు. నిందితుడిగా అనుమానించి, అరెస్టు అక్కర్లేదనుకుంటే ఇచ్చే నోటీసు ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) 35(3) కింద వస్తుంది. అది వస్తే తప్పకుండా వెళ్లమను, వెళ్లకపోవడమే అరెస్టుకి దారి. సాక్షిగా విచారించాలంటే మాత్రం ఆడవాళ్లనీ, 60 దాటిన మగవాళ్లనీ వాళ్లు ఉండే చోటే విచారించాలి, 179వ సెక్షన్ చూడు. "ఫిర్యాదు తీసుకోవట్లేదు, మా పరిధి కాదంటున్నారు" అంటే జీరో ఎఫ్ఐఆర్ గురించి చెప్పు, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితం. అప్పటికీ తీసుకోకపోతే అదే ఫిర్యాదు ఎస్పీగారికి పోస్టులో పంపించి రసీదు దాచుకోమను. దాని తర్వాతే మేజిస్ట్రేటు దగ్గరికి. రసీదు లేకుండా కోర్టుకొచ్చి "ఎన్నిసార్లు తిరిగానో" అని ఏడిస్తే వినేవాళ్లు జాలిపడతారు, ఆర్డరు రాదు. ఆన్‌లైన్లో డబ్బు పోయిందని వచ్చినవాళ్లని మాత్రం నీ ముందు కూర్చోబెట్టుకోకు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు, కబుర్లు తర్వాత.

కాగితం సంగతికొస్తాను. అరవై దాటిన ఆడమనిషి వచ్చి, "ఇల్లు కొడుక్కి రాసిచ్చాను తల్లీ, ఇప్పుడు పొమ్మంటున్నాడు, నా ఇల్లు నాకొస్తుందా?" అంటుంది. ఈ ప్రశ్న నీకు తప్పకుండా వస్తుంది. నీకు వెంటనే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ గుర్తొస్తుంది, చూసుకోని పిల్లలకి రాసిచ్చిన ఆస్తిని రద్దు చేయించుకునే సెక్షన్ అది. ఇల్లు తిరిగొస్తుందని చెప్పబోతావు. ఆగు. దస్తావేజు జిరాక్స్ తెప్పించి మొత్తం చదువు. మొదటి పేజీలో "నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత" అనే పాత పాటే ఉంటుంది. దాన్ని దాటి ముందుకెళ్లి, ఆమెని జీవితాంతం పోషించాలని ఎక్కడైనా రాశారా చూడు. ఆ షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో, ఇది ముసలివాళ్ల మేలు కోసం చేసిన చట్టం, దాన్ని ఉదారంగా చదవాలని కూడా అంది. ఆ కేసులో షరతు దస్తావేజులోనే ఉంది, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రం కూడా ఉంది. కాబట్టి దస్తావేజులో దొరక్కపోతే అదే రోజు రాయించుకున్న వేరే కాగితం ఏదన్నా ఉందా అని అడుగు. ఈ సెక్షన్ ఆ చట్టం అమల్లోకి వచ్చాక రాసిన దస్తావేజులకే వర్తిస్తుంది, అంటే మళ్లీ తేదీ దగ్గరికే వచ్చాం.

ఇంతకీ ఆమె అడిగింది ఇల్లు, ఆమెకి కావాల్సింది రేపటి తిండి, బీపీ మందులు. వాటికి దస్తావేజుతో పనే లేదు. ఆర్డీవోగారి దగ్గర పోషణ కోసం అర్జీ పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. కేంద్ర చట్టంలో నెలకి పదివేల దాకా ఇప్పించొచ్చని ఉంది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలనీ ఉంది. ఇల్లు తిరిగొచ్చేసరికి ఎంత కాలం పడుతుందో ఏమో, ఈ అర్జీ మాత్రం ఆ రోజే రాసివ్వు.

ఆడపిల్లల వాటా గురించి అడిగినప్పుడు మన ఊళ్లలో ఎంత గందరగోళం ఉంటుందో నీకు తెలుసు. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది, కానీ అప్పటికి పెళ్లయినవాళ్లకి కాదు. అందుకే అరవై దాటిన అక్కలు "మాకు రాదట కదా" అని ఇప్పటికీ అంటుంటారు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చాక పెళ్లితో నిమిత్తం లేదు. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న తగాదాని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తీర్చేసింది, ఉండక్కర్లేదని. ఇదంతా వినగానే వాళ్ల కళ్లు మెరుస్తాయి. అక్కడే ఇంకో మూడు అడగాలి. ఆ పొలం తాతల నాటిదా, నాన్న కొన్నదా? నాన్న స్వార్జితమైతే వీలునామా ఎవరి పేరునైనా రాయొచ్చు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకాలు గానీ, కోర్టు డిక్రీ గానీ అయిపోయాయా? అయితే వాటిని తిరగదోడలేరు. మూడోది అడగడానికి కాస్త నేర్పు కావాలి: అన్నయ్య ఎప్పుడైనా రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి సంతకం పెట్టించాడా? "ఏదో బ్యాంకు లోనుకని పెట్టించాడు" అంటారు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయిస్తే అది తన వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే హక్కు విడుదల దస్తావేజని తేలుతుంది. "కట్నం ఇచ్చాం కదా, ఇంకేం వాటా" అనే అన్నలకి మాత్రం, కట్నం ఇవ్వడం వాటా పంచడం కాదని మొహమాటం లేకుండా చెప్పు. కట్నం పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమేనని కూడా చెప్పాలనిపిస్తుంది. చెప్పు.

ఇవన్నీ హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల లెక్కలు. వచ్చినవాళ్లు ముస్లింలో క్రైస్తవులో అయితే వేరే చట్టం, వేరే వాటాలు. పేరు చూసి ఊహించుకోకు, అడుగు.

ఆడవాళ్లు ఒంటరిగా రారు. వెంట మరిదో, తమ్ముడో, ఊరి పెద్దమనిషో వస్తాడు, ఆమె బదులు ఆయనే మాట్లాడతాడు. ఆయన్ని మర్యాదగా బయట కూర్చోమను. "జిరాక్స్ తీసుకురండి బాబాయ్‌గారూ" అంటే చాలు, వెళ్తారు. అప్పుడు అసలు కథ వస్తుంది. డాక్టరు దగ్గర, లాయరు దగ్గర దాచకూడదంటారు గానీ, తోడొచ్చినవాడి ముందు ఎవరైనా దాస్తారు. "ఇల్లు అత్తగారి పేరున ఉంది, నాకేం హక్కు లేదంటున్నారు" అన్న మాట అప్పుడే బయటపడుతుంది. గృహహింస చట్టం కింద తాను కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు కోసం ఆమె అడగొచ్చని, ఇల్లు ఎవరి పేరున ఉందన్నది ఒక్కటే దాన్ని తేల్చదని చెప్పు. 2020లో సుప్రీంకోర్టు, అత్తమామల ఇల్లు కూడా ఆ లెక్కలోకి రావచ్చని చెప్పింది. అయితే అది శాశ్వతంగా ఆమె ఆస్తి అయిపోతుందన్న భ్రమ మాత్రం కల్పించకు. ఆమె చెప్పింది బయట కూర్చున్నాయనకి ఒక్క ముక్క కూడా తెలియకూడదు. ఆయన గుమ్మం దగ్గర ఆపి "ఏమంటుంది మేడమ్?" అని తప్పకుండా అడుగుతాడు.

"గెలుస్తామా?" అని కూడా అందరూ అడుగుతారు. గెలుస్తామనకు. భయపెట్టనూ వద్దు. కాగితాలు ఇలా ఉన్నాయి, అవతలివాళ్లు ఇది అనొచ్చు, దానికి మన దగ్గర ఇది ఉంది, ఇది లేదు. ఇంతే. కొన్నిటికి కేసు వద్దనే చెప్పాలి. గట్టు తగాదాలకీ, చిన్న బాకీలకీ లోక్ అదాలత్‌లో కూర్చోబెడితే అక్కడిచ్చే అవార్డు, అంటే తీర్పు మీద అప్పీలు ఉండదు, నడుస్తున్న దావా అయితే కోర్టు ఫీజు వెనక్కొస్తుంది. ఇలా చెబితే "ఈ అమ్మాయికి వాదించడం రాదేమో" అని కొందరు వెళ్లిపోతారు. పోనీ.

డబ్బు దగ్గర జాగ్రత్త. ఉచిత న్యాయ సహాయం తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకే అనుకుంటారు జనం. ఆడవాళ్లకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ, వికలాంగులకీ, పారిశ్రామిక కార్మికులకీ, కస్టడీలో ఉన్నవాళ్లకీ ఆదాయంతో సంబంధం లేదు. ఉచితం అనగానే "మంచి లాయర్ని పెట్టుకోవాలంటే ఎంతవుతుంది?" అని నీ మొహం మీదే అడుగుతారు, నవ్వుకో. గెలిస్తే ఇంత శాతం ఇస్తామన్న బేరానికి మాత్రం ఎప్పుడూ ఒప్పుకోకు, మన వృత్తిలో అది నిషేధం. రాలేనివాళ్లకి న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరు ఇవ్వు.

చివరగా ఒక అలవాటు చేసుకో. నువ్వు అరగంట చెప్పినా బస్సెక్కేసరికి వాళ్లకి రెండు ముక్కలే గుర్తుంటాయి, అవి కూడా తారుమారుగా. లేచేముందు ఒక చీటీ మీద పెద్దక్షరాలతో తెలుగులో రాసివ్వు: ఏ ఆఫీసు, ఏ కాగితాలు, ఏ తారీఖులోపు. సెక్షన్ నంబరు అవసరమైతే కింద చిన్నగా. చదువు రానివాళ్లయితే తారీఖుని నీ క్యాలెండర్లో వేలుపెట్టి చూపించి, ఇంట్లో చదివిపెట్టేది ఎవరో కనుక్కో. అదే చీటీ నీ నోటుబుక్కులో కూడా రాసుకుని, గడువు వారంలోపు ఉన్నవాళ్ల పేరు పక్కన ఎర్ర ఇంకుతో గీత పెట్టుకో. శుక్రవారం సాయంత్రం ఆ గీతలున్నవాళ్లందరికీ ఒక్కో ఫోన్ చెయ్యి.

మామయ్య నిన్ను అడిగానని చెప్పమన్నారు.

ఇట్లు,
మీ అత్త
తెనాలి