చెయ్యెత్తితే డబ్లెట్, హోజ్ విడిపోవడం: సమాధానం

మీరు కుట్టించుకున్న 1560ల నాటి ఇటలీ జతలో చెయ్యెత్తినప్పుడల్లా డబ్లెట్ (ఒంటికి బిగుతుగా ఉండే పై అంగీ) పైకి లేచి, హోజ్ (నడుము నుంచి కాళ్లకు తొడిగే కింది వస్త్రం) జారి, మధ్యలో చొక్కా బయటపడుతోందంటే, కారణం చాలావరకు నడుము కొలతే; మీ దర్జీ దానిని నేటి ప్యాంటు నిలిచే చోట తీసుకుని ఉంటారు. ఆ కాలపు హోజ్‌ను బెల్టు మోయదు. డబ్లెట్ నడుము అంచుకు తాళ్లతో కట్టేవారు.

1. పక్కకు వంగి, ఒళ్లు మడతపడిన చోట, అంటే బొడ్డుకు కాస్త పైన, ఒక నాడా కట్టుకోండి; నడుము కొలత అక్కడిదే.

2. అందరూ వదిలేసేది ఇదే: నాడా విప్పకుండా కూర్చుని, వెనుక నాడా నుంచి కాళ్ల మధ్యగా ముందు నాడా వరకు హోజ్ కొలత తీయించండి. నిలబడి తీసిన కొలతతో కుడితే, కూర్చోగానే వెనుక తాళ్ల మీద బరువంతా పడుతుంది. నా మొదటి జతకు తాళ్లు దూర్చే కన్నాలు రెండు చిరిగి, లైనింగ్ కూడా ఊడివచ్చింది.

3. తాళ్ల కన్నాలను రెండు పొరల నార గుడ్డ పట్టీపై, పోగులు తెగకుండా మొనదేలిన పనిముట్టుతో పక్కకు జరిపి, చుట్టూ దారంతో కుట్టించండి.

4. చంక గుండ్రం పైకి, ఒంటికి దగ్గరగా ఉండాలి.

ఇప్పటి డబ్లెట్‌ను నడుము దగ్గర పొట్టి చేయించి, హోజ్‌కు పైన పట్టీ అతికించుకోవచ్చు. లండన్ నేషనల్ గ్యాలరీలోని ఆ కాలపు ఇటలీ చిత్రకారుడు మొరోని గీసిన దర్జీ చిత్రంలో డబ్లెట్ ఎంత పొట్టిగా ఆగిందో మీ దర్జీకి చూపించండి.