తూచకుండా వోల్టేజీ పెట్టకు

చి. రవికి మామయ్య ఆశీస్సులు.

కరెంటు ఇన్సులేషన్‌గా వాడే ఎపాక్సీ రెసిన్‌లో నానో సిలికా (అతి సన్నటి ఇసుకరాయి పొడి లాంటిది) కలిపి పరీక్షలు మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. విశాఖలో, అదీ వానాకాలంలో! అందుకే ఈ ఉత్తరం.

నీ మొదటి శత్రువు గాలిలోని తేమే. సిలికా కణాల పైన హైడ్రాక్సిల్ (OH) సమూహాలుంటాయి, అవి నీటిని పట్టుకుని వదలవు. కణం చిన్నదయ్యే కొద్దీ అదే బరువుకి ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది. కాబట్టి నానో పొడి కలిపిన ఎపాక్సీ ఉత్త ఎపాక్సీ కంటే ఎక్కువ నీరు తాగడం మామూలే. లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో దీనికి ఒక వివరణ ఇచ్చారు: నీరు కణాల చుట్టూ పొరగా చేరుతుంది, పక్కపక్క పొరలు కలిస్తే కరెంటుకి దారి ఏర్పడుతుంది. ఎపాక్సీ పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) 4 దగ్గర, నీటిది 80 దగ్గర. ఇక చెప్పేదేముంది, కొంచెం తేమ చాలు.

పొడిని కలపబోయే ముందే ఓవెన్‌లో బాగా ఆరబెట్టు. కుదిరితే సిలేన్ (సిలికాని రెసిన్‌తో కలిపే రసాయనం) పూత వేసిన పొడి తెప్పించు, నీటి ఆకర్షణ తగ్గుతుంది (పూర్తిగా పోతుందని మాత్రం నమ్మకు). పోత పోశాక శాంపిల్‌ని వాక్యూమ్‌లో, గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రతకు (గట్టి ఎపాక్సీ మెత్తబడే వేడికి) బాగా కిందనే ఆరబెట్టి, బరువు ఇక తగ్గడం లేదనిపించేదాకా తూస్తూ ఉండు. ఆ ఉష్ణోగ్రత దాటితే క్యూరింగ్ (రెసిన్ గట్టిపడే చర్య) ముందుకు సాగి అసలు పదార్థమే మారిపోవచ్చు. అప్పుడు మార్పు నీటిదో, వేడిదో ఎలా తేలుస్తావు?

తడి ప్రభావం చూడాలంటే మూసిన డబ్బాలో ఉప్పు సంతృప్త ద్రావణం పెట్టు, 25 డిగ్రీల దగ్గర తేమ 75 శాతంలో నిలుస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33.

50 హెర్ట్జ్ దగ్గర టాన్ డెల్టా (ఇన్సులేషన్‌లో వృథా అయ్యే శక్తికి కొలత) చూసి "బాగానే ఉంది" అనుకోవద్దు. తేమ అసలు గుట్టు బయటపడేది ఒక హెర్ట్జ్ కన్నా కిందే. కొలత నెమ్మది, విసుగొస్తుంది, అయినా తప్పదు. నిరోధం కొలిచేటప్పుడు గార్డ్ రింగ్ (ఉపరితలం మీద పారే కరెంటుని పక్కకి తప్పించే ఎలక్ట్రోడ్ వలయం) మరవకు, లేకపోతే పైన చేరిన చెమ్మ వల్ల పారే కరెంటు లోపలి లెక్కలో కలిసిపోతుంది.

ఏ రీడింగ్ రాసినా పక్కన ఆ రోజు బరువు, గది తేమ రాయి. పొడి కలపని ఎపాక్సీ ముక్కని కూడా అదే డబ్బాలో, అన్నాళ్లూ ఉంచు. ఆ రెండు ముక్కల రీడింగుల వక్రాలూ పక్కపక్కన గీసి పంపు, చూసి చెబుతాను.

మామయ్య