వీడియో మధ్యలో మసకబారుతుందెందుకు?

ప్రశ్న: ఫోన్‌లో వీడియో చూస్తుంటే బొమ్మ ఉన్నట్టుండి మసకబారి, కాసేపటికి మళ్లీ తేటపడుతుంది. లైవ్ మ్యాచ్ అయితే టీవీ కంటే వెనకబడి వస్తుంది. లోపం సర్వర్‌లోనా, నా ఫోన్‌లోనా?

జవాబు: రెండింటిలోనూ కాదు. బొమ్మ మసకబారడం నిజానికి మీ ఫోన్ తీసుకున్న మంచి నిర్ణయం. స్ట్రీమింగ్ సర్వర్ల పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు నేనూ సర్వరే వీడియోను ఏకధారగా తోస్తుందనుకున్నాను. సర్వర్‌ను ఎవరేం అడిగారో నమోదయ్యే లాగ్ ఫైలు తెరిచి చూస్తే, అడిగేదంతా ఫోనే! ఒకే వీడియోను 360పి, 720పి, 1080పి ఇలా కొన్ని నాణ్యతల్లో తయారుచేసి, ఒక్కోదాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి సర్వర్‌లో ఉంచుతారు. ఆ ముక్కల జాబితాను ముందుగా ఫోన్‌కు ఇస్తారు. ఒక ముక్క ఎంత వేగంగా దిగింది, బఫర్‌లో, అంటే ముందే దింపి ఉంచుకున్న నిల్వలో, ఇంకెంత మిగిలింది అని చూసుకుని, తర్వాతి ముక్క ఏ నాణ్యతలో కావాలో ఫోన్ అడుగుతుంది. నెట్ నెమ్మదిస్తే తక్కువ నాణ్యతది అడుగుతుంది; బొమ్మ మసకబారేది అప్పుడే. వీడియో ఆగిపోయి చక్రం తిరగడం కన్నా ఇదే నయమని నా అభిప్రాయం.

2009లో యాపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో ప్రమాణంగా వచ్చిన డాష్ అనే స్ట్రీమింగ్ పద్ధతులు రెండూ ఇలాగే నడుస్తాయి. పాటలకూ ఇదే పద్ధతి వాడొచ్చు.

లైవ్ ఆలస్యానికీ ఈ ముక్కలే కారణం. ఆరు సెకన్ల ముక్క పూర్తిగా తయారైతే గానీ మామూలుగా బయటికి రాదు. ప్లేయర్ అలాంటివి మూడు దగ్గర పెట్టుకుంటే అక్కడే 18 సెకన్లు పోయాయి. వీడియో కాల్‌లో ఇంత ఆలస్యం కుదరదు కాబట్టి దానికి బొమ్మను, మాటను వెంటవెంటనే పంపే వెబ్‌ఆర్‌టీసీ లాంటి వేరే దారి వాడతారు.