చీకట్లో తాడు పాములా ఎందుకు కనిపిస్తుంది?

ఎందుకంటే మన కన్ను కెమెరా కాదు. చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి. ఒక్క చూపులో నిజంగా స్పష్టంగా కనబడేది దాదాపు అంత మేరే, చుట్టూ ఉన్నదంతా మసకే. అయినా గదంతా స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తుంది. కళ్లు సెకనుకు సుమారు 3 సార్లు అటూ ఇటూ దూకుతుంటాయి, మిగిలిన ఖాళీలను మెదడు పాత అనుభవంతో పూరించేస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1860ల్లోనే దీన్ని మనకు తెలియకుండా జరిగే ఊహ అన్నాడు.

ఇక చీకటి సంగతి. కంటి లోపల వెనకవైపు వెలుతురును పట్టే పొర రెటీనా. దాని నట్టనడుమ ఉండేవి కోన్ కణాలే, వాటికి వెలుతురు కావాలి. మసకలో పనిచేసే రాడ్ కణాలు దాని చుట్టూ ఉంటాయి. (మినుకుమినుకుమనే చిన్న నక్షత్రాన్ని సూటిగా చూస్తే మాయమై, కాస్త పక్కకు చూస్తే మళ్లీ కనిపించేది ఇందుకే.) పెరట్లో పడున్న బావి తాడు మీద చూపు పడితే మెదడుకు అందేది మెలికలు తిరిగిన ఓ సన్నటి ఆకారం. రంగు తెలియదు, పేటలు కనబడవు. తాడును పామనుకుంటే పోయేదేం లేదు, పామును తాడనుకుంటేనే ప్రాణం మీదికొస్తుంది. అందుకే మెదడు ముందు పాము వైపే మొగ్గుతుందని నా లెక్క. టార్చ్ వేయగానే పేటలు కనిపిస్తాయి, పాము పోతుంది. గుండె దడ మాత్రం ఇంకాసేపు ఉంటుంది.