సూర్యుడి కణాలు: పుట్టిన చోటు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: ఆదిత్య-ఎల్1లోని స్టెప్స్ పరికరం సూర్యుడి నుంచి వచ్చే అధికశక్తి కణాలను కొలుస్తోందని చదివాను. ఒక కణం సూర్యుడి మీద ఎక్కడ, ఎప్పుడు బయలుదేరిందో అంత దూరాన ఉన్న పరికరానికి ఎలా తెలుస్తుంది? ఆ కణాలు హైదరాబాదులో ఉన్న మన దాకా వస్తాయా?
– ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

జవాబు: కణం వచ్చిన దిశను బట్టి అది పుట్టిన చోటు చెప్పలేము. ప్రోటాన్లకు, ఎలక్ట్రాన్లకు, అయాన్లకు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అవి అయస్కాంత రేఖల చుట్టూ తిరుగుతూ వాటి వెంటే ప్రయాణిస్తాయి. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతుండగా సౌరపవనం (సూర్యుడి నుంచి ఎడతెగక వీచే కణాల ప్రవాహం) ఆ రేఖలను బయటికి లాక్కుపోతుంది గనుక అవి సర్పిలాకారంలో వంగి ఉంటాయి. భూమిని చేరే రేఖ మొదలు సాధారణంగా సూర్యబింబం నడుమ కాక, పడమటి వైపు 50, 60 డిగ్రీల దగ్గర ఉంటుంది.

బయలుదేరిన సమయాన్ని వేగాల్లోని తేడా పట్టిస్తుంది. స్టెప్స్ న్యూక్లియాన్‌కు (కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు) 20 వేల నుంచి 50 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) దాకా శక్తి గల అయాన్లను కొలుస్తుంది. సర్పిల మార్గం సుమారు 18 కోట్ల కిలోమీటర్లు అనుకుంటే, 50 లక్షల వోల్టుల ప్రోటాన్ గంటా నలభై నిమిషాల్లో చేరుతుంది, 20 వేల వోల్టులది ఒక రోజుకు పైగా తీసుకుంటుంది. ఏ శక్తి కణాలు ఎప్పుడు రావడం మొదలుపెట్టాయో చూసి వెనక్కి లెక్కిస్తే అవి కలిసి బయలుదేరిన క్షణం దొరుకుతుంది. దారిలో కణాలు చెదిరితే ఈ లెక్క తప్పుతుంది. అవి చెదిరాయో లేదో తెలియాలంటే ఏయే దిశల నుంచి వస్తున్నాయో చూడాలి, స్టెప్స్‌లోని ఆరు సెన్సార్లు వేర్వేరు వైపులకు తిరిగి ఉండడం అందుకు ఎంతో ఉపయోగపడుతుంది.

కణాల కూర్పు మరో సాక్ష్యం. హీలియంలో తేలికపాటి రకమైన హీలియం-3 మామూలుగా పదివేల హీలియం పరమాణువుల్లో నాలుగైదు మాత్రమే ఉంటుంది; చిన్న సౌరజ్వాలల నుంచి వచ్చిన కణాల్లో అది వేల రెట్లు పెరగవచ్చు. కరోనా ద్రవ్య విస్ఫోటం (సూర్యుడి బయటి వాతావరణం నుంచి ద్రవ్యం పెద్ద ఎత్తున ఎగసిపడడం) ముందు సాగే ఆఘాత తరంగం వేగవంతం చేసిన కణాల్లో ఈ లక్షణం సాధారణంగా కనిపించదు.

అయినా ఒక్క నౌక చాలదనే నా అభిప్రాయం. 2011 నవంబరు 3న విడుదలైన కణాలు ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉన్న నాసా సౌర పరిశీలన నౌకలైన రెండు స్టీరియోలకూ, భూమి దగ్గరి నౌకలకూ త్వరగానే చేరాయి. ఆదిత్య ఉన్న ఎల్1 (భూమికి సూర్యుడి వైపున ఉన్న బిందువు) నుంచి మాత్రమే చూసి ఉంటే ఆ వ్యాప్తి తెలిసేది కాదు. 2024 డిసెంబరు 24న సూర్యుడికి 61 లక్షల కిలోమీటర్ల దాకా వెళ్లిన నాసా నౌక పార్కర్ సోలార్ ప్రోబ్ విలువ కూడా ఇక్కడే ఉంది: అంత దగ్గర కణాలకు చెదిరే వ్యవధి తక్కువ.

ఇక హైదరాబాదు సంగతి. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నందున, నిట్టనిలువుగా ఇక్కడి వాతావరణంలోకి దిగాలంటే ప్రోటాన్‌కు సుమారు 1,600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. సూర్యుడి కణాల్లో దాదాపు అన్నీ దానికి ఎంతో దిగువనే ఉంటాయి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్లతో ఎక్స్-రే పరిశీలనలు హైదరాబాదు నుంచి సాగడానికి, పరికరాలకు కణాల బెడద తగ్గించే ఈ రక్షణ బాగా కలిసివచ్చింది.