ఆదివారం ఒక్కటే కాదు తల్లీ

ప్రియమైన తల్లీ,

"ఆదివారం చర్చిలో పూజకి వెళ్లొస్తున్నాం పెద్దమ్మా, మిగతా ఆరు రోజులూ దేవుడు గుర్తుకే రావడం లేదు" అని మొన్న ఫోన్‌లో అన్నావు. నీ బాధ నిజమైనదే. గాలికి పోయే మాటగా కాకుండా, మళ్లీ తీసి చదువుకుంటావని ఉత్తరమే రాస్తున్నాను.

ప్రార్థనకి నీ అంతట నువ్వు కొత్త టైంటేబుల్ వేసుకోవద్దు. శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, మన కోసం ఎప్పుడో ఒక క్యాలెండర్ తయారుచేసి పెట్టింది. ప్రతి రోజుకీ ఒక పఠనం, ఒక కీర్తన, ఒక సువిశేష భాగం (ప్రభువు జీవితం చెప్పే మత్తయి, మార్కు, లూకా, యోహాను గ్రంథాల్లోంచి) ఉంటాయి. చాలా రోజులకి ఒక పునీతుడో (సెయింట్) పునీతురాలో కూడా ఉంటారు. దాని వెంట నడువు. సొంతంగా వేసుకున్న ప్లాన్ మనసు బాగున్నన్నాళ్లే సాగుతుంది. ఆఫీసు టెన్షన్ మొదలైతే మొదట ఆగిపోయేది అదే. మీ విచారణలో (పారిష్‌లో) దొరికే క్యాలెండర్‌లో తేదీ కింద ఆ రోజు చదువులు అచ్చువేసి ఉంటాయి. ఒకటి తెచ్చి వంటగదిలో తగిలించు.

ముందు సువిశేషం సంగతి. రోజుకి పది పదిహేను వచనాలు, అంతే. పైకి చదువు, పెదవులు కదలాలి. రెండోసారి మెల్లగా చదివి, ఎక్కడ మనసు ఆగిందో అక్కడే నువ్వూ ఆగు. ఆ మాట గురించి ప్రభువుతో నీ సొంత మాటల్లో ఒక్క వాక్యం చెప్పుకో. అర్థం కాని రోజు అర్థం కాలేదనే చెప్పు. ఆదివారాల్లో ఒక ఏడాది మత్తయి, తర్వాతి ఏడాది మార్కు, మూడో ఏడాది లూకా చదువుతారు. యోహాను ముఖ్యంగా ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలంలో, పాస్కా (ఈస్టర్) రోజుల్లో వస్తాడు. ఇలా మూడేళ్లు నడిస్తే ప్రభువు జీవితమంతా నీ ఇంట్లో తిరిగినట్టే.

ఒకటి గట్టిగా చెబుతున్నాను. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, కనబడిన వచనాన్ని నా వాగ్దానం అనుకోవడం, వాట్సాప్‌లో వచ్చిన ఒక లైను చూసి ఈ రోజుకి చాలు అనుకోవడం నాకు నచ్చవు. అలా చదివితే మనకి ఇష్టమైన మాటలే మిగులుతాయి. శత్రువుని ప్రేమించు అన్న మాట మనం ఏరుకోం. క్యాలెండర్ అయితే దాన్ని తప్పకుండా మన ముందు పెడుతుంది, ఒక్కోసారి తోటికోడలితో మాటలు లేని వారంలోనే పెడుతుంది. "లేఖనాలు తెలియకపోవడమంటే క్రీస్తు తెలియకపోవడమే" అన్నారు పునీత జెరోము. ఆయన పండుగ సెప్టెంబర్ 30.

పునీతుల గురించి రాయాలంటే నాకు కాగితం చాలదు. జులై 29 మార్త, మరియ, లాజరుల పండుగ. వంటపనిలో సతమతమై ప్రభువుకే ఫిర్యాదు చేసిన మార్త అందరికీ తెలుసు. అదే మార్త తమ్ముడు చనిపోయి నాలుగు రోజులైనా ప్రభువుకి ఎదురువెళ్లి, "నీవు క్రీస్తువు, దేవుని కుమారుడవు" అని విశ్వాసం ప్రకటించింది. యోహాను 11వ అధ్యాయం తీసి చదువు. ఆఫీసు, వంట, పిల్లాడు అని పరుగులు తీసే నీకు ఆమె కంటే దగ్గరి స్నేహితురాలు దొరకదు.

అల్లుడు గారికి దేవసహాయం గురించి చెప్పు. ఆయన గురువు (ఫాదర్) కాదు, సన్యాసి కాదు. తిరువాన్కూరు రాజు కొలువులో ఉద్యోగి, పెళ్లైనవాడు. 1745లో జ్ఞానస్నానం పొందాడు. కులం ఏదైనా మనుషులంతా సమానమేనని చెప్పేవాడు. చిత్రహింసలు పెట్టి 1752 జనవరి 14న తుపాకులతో కాల్చి చంపారు. 2022లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. భారతదేశంలో గృహస్థుల నుంచి పునీతుడైన మొదటివాడు ఆయనే. పండుగ మన సంక్రాంతి రోజుల్లోనే వస్తుంది. పిండివంటలతో పాటు ఆయన కథ కూడా పిల్లాడికి పెట్టు. కులం పేరుతో గుడి బెంచీల మీద కూడా దూరాలు పాటించే మనకి ఆ కథ చాలా అవసరం.

నీ జ్ఞానస్నానం పేరు చిన్న తెరేజమ్మది. అక్టోబర్ 1న ఆ పండుగ గుర్తుంచుకో. పుట్టినరోజుకి కేక్ కోస్తాం, ఈ రోజుని వదిలేస్తాం.

ఇక పండుగలు. వాటికి ముందు సిద్ధపడడం, తర్వాత నిలబెట్టుకోవడం రెండూ ఉండాలి. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలం నాలుగు ఆదివారాలూ ఇంట్లో కొవ్వొత్తి వెలిగించండి, షాపింగ్ ఆ తర్వాత. తపస్సు కాలం 40 రోజులు మనవాళ్లు భక్తిగా ఉంటారు, మాంసం మానేస్తారు, శుక్రవారం సిలువ మార్గానికి గుడి నిండుతుంది. పాస్కా ఆదివారం బిర్యానీ తిన్నాక మాత్రం అంతా అయిపోయిందనుకుంటారు. శ్రీసభ పవిత్రాత్మ దిగివచ్చిన పెంతెకోస్తు పండుగ దాకా 50 రోజులు ఆనందించమంటోంది! ఆ 50 రోజులూ బల్ల మీద పూలు పెట్టు, అల్లెలూయ పాట పాడు, ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్కరిని భోజనానికి పిలువు, ముఖ్యంగా ఒంటరిగా ఉన్నవాళ్లని. ఉపవాసం నేర్చుకున్నంత శ్రద్ధగా సంతోషించడమూ నేర్చుకోవాలి.

ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండ మీద మరియమ్మ తిరునాళ్లకి తప్పక వెళ్లండి. మొక్కు తీర్చుకోవడంతో ఆగకు. కొండ దిగే ముందు గురువు దగ్గర తప్పులు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకో, పూజలో పాల్గొను. మరియమ్మ దగ్గరికి వెళ్లి కొడుకుని పలకరించకుండా వస్తే ఎలా?

జపమాల ఐదు దేవ రహస్యాలూ (ప్రభువు, మరియమ్మల జీవిత ఘట్టాలు) కుదరకపోతే మెట్రోలో ఒక్కటి చెప్పుకో. గురువారం చెప్పుకునేవి వెలుగు దేవ రహస్యాలు.

బైబిలు కొనేటప్పుడు మన కతోలిక బైబిలే అడుగు. తోబీతు గ్రంథం వేరే ప్రచురణల్లో ఉండకపోవచ్చు. అందులో 8వ అధ్యాయంలో కొత్త దంపతులు తోబియా, సారా కలిసి చేసిన ప్రార్థన ఉంది. అల్లుడు గారూ నువ్వూ ఈ రాత్రే కలిసి చదవండి.

నవంబర్ 2 సమాధుల పండుగకి సెలవు ఇప్పుడే పెట్టుకో. అమ్మమ్మ, తాతయ్యల సమాధులకి ముందే సున్నం వేయిస్తాను. కొవ్వొత్తులు, పూలు నువ్వు తీసుకురా. పిల్లాడిని కూడా తీసుకురా, వాళ్ల పేర్లు వాడికి నేర్పాలి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ